మావయ్యగారూ, కొంచెం తగ్గించండి

మా ఇంట్లో లేజర్ మిషను కొన్నది నేనే. నడిపింది మాత్రం చాలాకాలం ఇద్దరం. నేను కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని, మా మావయ్యగారు మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

అంతకుముందు రాజమండ్రిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. ఒక ఏడాది స్కూలు వాళ్ళు కంప్యూటర్ల గదిని ఎల్‌కేజీ తరగతి చేసేసి, నన్ను ఆ పిల్లలకి రైమ్స్ నేర్పమన్నారు. కొన్నాళ్ళు నేర్పాను. తరవాత మానేసి, వీధి గదిలో చెక్కమీద పేర్లు చెక్కి అమ్ముదామని ఈ మిషను తెప్పించాను. ఆన్‌లైన్లో దొరికేవాటిలో చవకరకం. మా ఆయన కాకినాడలో బ్యాంకు ఉద్యోగి, పొద్దున్న రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వస్తారు. మిషను వచ్చిన రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. ఈ కథలో ఆయన పాత్ర అంతే.

మావయ్యగారు ధవళేశ్వరంలో కాలవ తలుపుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. కాలవలోకి ఎంత నీరు వదలాలో ఆఫీసునుంచి కబురు వచ్చేది. ఆయన తలుపు ఎత్తేవారు, మళ్ళీ కబురొస్తే దించేవారు. అత్తయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. మాట తక్కువ మనిషి. పొద్దున్న "పేపరొచ్చిందా అమ్మా?" అనేవారు, పడుకోబోయే ముందు "గేటు వేశావా అమ్మా?" అనేవారు. ఈ మధ్యలో మా ఇద్దరికీ చెప్పుకోవలసిన విషయాలు ఉన్నట్టు మా ఇద్దరికీ తోచలేదు.

మిషను ఒక నీలం రంగు రేకు పెట్టె. లోపల పొడుగాటి గాజు గొట్టం ఒకటి ఉంటుంది. అందులో పుట్టిన కాంతి చిన్న చిన్న అద్దాలమీద పడుతూ వచ్చి, అటూ ఇటూ కదిలే తలలోంచి చెక్కమీదికి దిగి కాలుస్తుంది. తలని కదిలించే పని లోపల ఉన్న ఒక బోర్డుది. చవక మిషను గనక ఆ బోర్డుకి తెలిసినవి తక్కువ. వెలిగించు అనగలదు, ఆర్పు అనగలదు. ఎంత గట్టిగా వెలిగించాలో దానికి తెలీదు. దానికోసం పెట్టె మూతమీద ఒక నాబ్ ఉంది, ఫ్యాను రెగ్యులేటర్‌లా. ఆ నాబ్ మనిషి తిప్పాలి.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరిదో నేమ్‌ప్లేటు చేస్తుంటే అక్రిలిక్ ముక్క కరిగి పొగ రావడం మొదలెట్టింది. నా చెయ్యి మౌస్ మీద ఉంది. మావయ్యగారు మంచినీళ్ళకోసం అటు వెళ్తున్నారు. "మావయ్యగారూ, కొంచెం తగ్గించండి!" అని అరిచాను. ఆయన కంగారు పడలేదు. వెళ్ళి నాబ్ తగ్గించారు.

"ఇంకొంచెమా?"

"ఇంకొంచెం."

"చాలా?"

"చాలండి."

మంచినీళ్ళు తాగి తన గదిలోకి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న నేను వీధి గదిలోకి వచ్చేసరికి మిషను పక్కన కుర్చీ ఉంది, కుర్చీలో ఆయన ఉన్నారు. కంటికి శుక్లాల ఆపరేషనప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకున్నారు. మూత వేసి ఉంటే ఏమీ అక్కర్లేదనీ, ఆ నల్లద్దాలు ఈ కాంతిని ఆపడానికి చేసినవి కావనీ చెప్పాను. "ఉండనీ" అన్నారు.

అలా మొదలైంది. "పెంచండి", "తగ్గించండి", "కొంచెం", "ఆగండి". ఎవరైనా కిటికీలోంచి వింటే ఈ ఇంట్లో కోడలు మామగారి చేత సంగీతం సాధన చేయిస్తోందనుకుంటారు. ఆయన నాబ్ మీద చెయ్యి వేసి కూర్చున్నాక ఒక్క ముక్క కూడా కరిగిపోలేదు. మధ్య మధ్యలో మాటలు కూడా వచ్చేవి. తల ఒక చివరినుంచి ఇంకో చివరికి వెళ్ళేలోపు ఏదో ఒకటి చెప్పేవారు. వరదల్లో కొట్టుకొచ్చిన గేదె సంగతి అలాగే తెలిసింది నాకు. అది మా పెళ్ళికి ముందు సంగతి.

ఇలా ఉండగా ద్రాక్షారామం దగ్గరి పల్లెటూరినుంచి ఒక పెద్దావిడ వచ్చారు. భర్త పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆయన బొమ్మ కావాలన్నారు.

"ఫొటో కట్టిస్తే సరిపోతుంది కదండీ పిన్నిగారూ" అన్నాను.

"కట్టించాం అమ్మా. మొన్న వానాకాలంలో అద్దం లోపల చెమ్మపట్టి మొహం అంతా పోయింది. చొక్కా ఒక్కటే మిగిలింది. చెక్కమీదయితే అద్దం ఉండదు కదా అని వచ్చాను."

ఇంకో ఫొటో ఉందా అని అడిగితే సంచీలోంచి ఒకటి తీశారు. ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫొటో. అందరూ కెమెరావైపు చూస్తున్నారు, ఈయన ఒక్కరూ పక్కకి చూస్తున్నారు.

"ఇందులో ఈయనేనా అండి?"

"ఆయ్, ఆయనేనండి. అటువైపు భోజనాలు పెడుతున్నారు."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఆలోచించాను. పేర్లు చెక్కడం వేరు, మొహం చెక్కడం వేరు. మొహంలో నలుపూ తెలుపూ మాత్రమే ఉండవు. చెంప కింద నీడ ఉంటుంది, ముక్కు పక్కన ఇంకో నీడ ఉంటుంది. ఒక్కో చుక్కకీ కాంతి మారాలి. మా బోర్డుకి వెలిగించడం, ఆర్పడం తప్ప రాదు.

"నేనున్నానుగా" అన్నారు మావయ్యగారు.

ప్రయత్నించాం. ఫొటోని పెద్దది చేసి ప్రింటు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. మిషను వేగం బాగా తగ్గించాను. తల ఒక్కో గీతే గీసుకుంటూ పైనుంచి కిందికి వస్తుంది. జుట్టు దగ్గర పెంచాలి, నుదురు దగ్గర తగ్గించాలి, కళ్ళ దగ్గర మళ్ళీ పెంచాలి. మావయ్యగారు ప్రింటు చూస్తూ చాలా శ్రద్ధగా తిప్పారు.

చిక్కెక్కడంటే, మీసం దగ్గర పెంచినప్పుడు మీసం ఒక్కటే నల్లబడదు. అదే వరసలో ఉన్న చెంపలు కూడా నల్లబడతాయి. అంతా అయ్యాక మూత తీసి చూస్తే మీసం ఆ చెవినుంచి ఈ చెవిదాకా ఉంది. కనుబొమలు కూడా అంతే. మావయ్యగారు నల్లద్దాలు తీసి చూశారు.

"ఈయన పోలీసు శాఖలో చేశారా?" అన్నారు.

"వ్యవసాయమండి."

"అయితే ఇది ఆయన కాదు" అని, చెక్కని బోర్లించి పెట్టారు.

ఇలాంటి మిషన్లు కొన్నవాళ్ళంతా ఇంటర్నెట్లో ఒకచోట చేరి కష్టాలు చెప్పుకుంటూ ఉంటారు. అక్కడ అడిగాను. పాత బోర్డు తీసేసి వేరే బోర్డు పెట్టుకోమన్నారు. కొత్త బోర్డు తలని కదపడమే కాకుండా ఏ చుక్కకి ఎంత కాంతి కావాలో కూడా తనే చూసుకుంటుందట. చాలామంది మార్చుకున్నారు. కొందరు మిషను పాడుచేసుకున్నారు. వాళ్ళు కూడా మార్చుకోమనే చెప్పారు.

బోర్డు తెప్పించాను. వచ్చిన రోజు మావయ్యగారికి చూపించాను. అరచేతిలో పట్టేంత ఉంది.

"ఇది ఏం చేస్తుంది?"

"ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ఇదే చెబుతుందండి."

"చుక్క చుక్కకీనా?"

"ఆఁ, చుక్క చుక్కకీ."

"అంత తొందరగా తిప్పగలదా?"

"తిప్పడం ఉండదండి. నాబ్ అక్కడే ఉంటుంది కానీ, పొద్దున్న ఒకసారి పెట్టేస్తే చాలు. అంతకి మించకుండా చూస్తుందంతే."

ఆయన బోర్డుని వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ ముందుకి తిప్పారు.

"సరే. పాతది మాత్రం పారెయ్యకు. కొత్తది కుదిరిందని తేలేదాకా పాతది దగ్గరుండాలి" అన్నారు.

ఆయన ఏమనుకుంటున్నారో నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో మాత్రం తెలీలేదు. అంచేత స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాను.

గాజు గొట్టానికి వెళ్ళే కరెంటు చాలా ప్రమాదం. ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఆగి గానీ లోపల చెయ్యి పెట్టకూడదని అందరూ హెచ్చరించారు. ఆ మాట మావయ్యగారికి చెప్పకుండా ఉండవలసింది. చెప్పేసరికి ఆయన వెళ్ళి ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గు చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"పీకేశారు కదండీ, ఇంక పక్కన పెట్టెయ్యచ్చు" అన్నాను.

"పక్కన పెడితే ఎవరైనా పెట్టేస్తారు. నా చేతిలో ఉంటే తెలుస్తుంది."

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా ఆయన వదల్లేదు. మిషను వైరు పొట్టిది గనక కుర్చీలోంచి లేవడానికి కూడా కుదరదు. కొరియరతను వస్తే అక్కడినుంచే "లోపలికి రా బాబూ, నేను లేవకూడదు" అన్నారు. అతను వచ్చి, విప్పి పెట్టిన మిషనునీ, నన్నూ, ప్లగ్గు పట్టుకున్న పెద్దాయన్నీ చూసి, సంతకం అడగకుండానే కవరిచ్చి వెళ్ళిపోయాడు.

పాత బోర్డునుంచి ఒక్కో వైరూ పీకి, ప్లాస్టరు ముక్క అంటించి, ఏది ఎక్కడిదో రాశాను. ఆయన ఒక్కొక్కటీ పైకి చదివించుకున్నారు. "అడ్డం మోటారు." "నిలువు మోటారు." "కాంతి వెలిగించేది." చివరిది చెప్పినప్పుడు, "అది జాగ్రత్త" అన్నారు. అన్నీ కొత్త బోర్డుకి పెట్టడం అయ్యేసరికి ఆయన కాఫీ వేళ దాటిపోయింది. కాఫీ తెచ్చి ఇస్తే ఎడంచేత్తో తాగారు.

"పెట్టమంటావా?" అన్నారు గ్లాసు కింద పెట్టి.

"పెట్టండి."

ఇంట్లో ఎప్పుడూ చెప్పులు వేసుకోని మనిషి, రబ్బరు చెప్పులు తొడుక్కుని మరీ ప్లగ్గు పెట్టారు.

మిషను మొదలవగానే తల వెనక ఎడమ మూలకి వెళ్ళి ఆగాలి. అది కుడివైపు బయల్దేరింది. చివరికంటా వెళ్ళి, అక్కడ గోడ ఉన్న సంగతి ఒప్పుకోకుండా టకటకటకమని కొట్టుకోవడం మొదలెట్టింది. నేను నోరు తెరిచేలోపు ఆయన ప్లగ్గు పీకేశారు.

"పోయిందా?"

"పోలేదండి. అటు వెళ్ళమనాల్సింది ఇటు వెళ్ళమన్నాను."

ఆ మోటారు వైరు తిప్పి పెట్టాను. ఈసారి పక్కకి సరిగ్గా వెళ్ళింది కానీ, వెనక్కి వెళ్ళాల్సింది ముందుకొచ్చి మళ్ళీ కొట్టుకుంది. మళ్ళీ పీకారు. అదీ సరిచేశాక తల తన మూలకి తను వెళ్ళి నిశ్శబ్దంగా నిలబడింది. మావయ్యగారు దాన్ని కాసేపు అనుమానంగా చూశారు.

పరీక్షకోసం ఒక ప్లైవుడ్ ముక్కమీద 'స్వాగతం' అని చెక్కాను. పాత బోర్డుతో వచ్చిన సాఫ్ట్‌వేరులో ఈ మాట రాస్తే 'వ' ఒత్తు ఊడి పక్కన పడేది. ఇప్పుడు ఒత్తు చక్కగా 'స' కిందే ఉంది. అక్షరాలు కూడా పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా వచ్చాయి. కాకపోతే మొత్తం మాట అద్దంలో చూసినట్టు కుడినుంచి ఎడమకి ఉంది. తలకట్లన్నీ అటువైపు తిరిగి ఉన్నాయి. మిషను ఏ మూలనుంచి మొదలవుతుందో కంప్యూటరుకి నేను తప్పు చెప్పాను.

మావయ్యగారు ముక్క చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి అటునుంచి ఇటు మెల్లగా చదివారు.

"చదవొచ్చు. కొంచెం టైము పడుతుందంతే" అన్నారు.

అది సరిచేసి, మర్నాడు పొద్దున్న మొహం మొదలెట్టాం. మావయ్యగారు పొద్దున్నే నాబ్ పెట్టాల్సినచోట పెట్టారు. కుర్చీలో కూర్చుని నాబ్ మీద చెయ్యి వేశారు. తల జుట్టు దాటింది, నుదురు దాటింది. కళ్ళ దగ్గర తనంతట తనే పెంచుకుంది, చెంపల దగ్గర తనంతట తనే తగ్గించుకుంది. ఆయన చెయ్యి నాబ్ మీద అలాగే ఉంది, తిప్పలేదు. నేను కంప్యూటరు తెరవైపు చూస్తున్నట్టు కూర్చున్నాను. గేదెల సంగతులేవీ రాలేదు ఆవేళ.

అయ్యాక తడిగుడ్డతో మసి తుడిచాను. మొహం వచ్చింది. మీసం మీసం ఉన్నచోటే ఉంది. చెంపమీద నీడ, కంటి కింద గుంట, అన్నీ ఉన్నాయి.

మావయ్యగారు ముందుకి వంగి చూశారు. "ఈయన భోజనాలవైపు చూస్తున్నారు" అన్నారు.

ఆ పెద్దావిడ బస్సులో వచ్చారు. చెక్కని రెండు చేతుల్లోకి తీసుకుని కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. బాగాలేదేమోనని నాకు భయం వేసింది. తరవాత వేలితో చెంప తడిమారు.

"బుగ్గలొచ్చాయి" అన్నారు. "చివర్లో ఉండేవి కావమ్మా. ఏమీ తినేవారు కాదు."

"వాసన కొన్నాళ్ళకి పోతుందండి" అన్నాను. కొత్తగా చెక్కిన చెక్క కాలిన వాసన వేస్తుంది. ఆవిడ వాసన చూసి, "పోనీలెండి" అన్నారు. వాసన పోతే పోనిమ్మన్నారో, ఉంటే ఉండనిమ్మన్నారో నేను అడగలేదు.

"ఎవరు చేశారమ్మా, నువ్వేనా?"

"మావయ్యగారూ నేనూ కలిసి చేశామండి."

"నేనేం చెయ్యలేదమ్మా" అన్నారాయన కుర్చీలోంచి. "ప్లగ్గు పట్టుకున్నాను."

"అదైనా ఎవరో ఒకరు పట్టుకోవాలి కదండీ అన్నయ్యగారూ" అని, ఆవిడ చెక్కని తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టుకున్నారు. మావయ్యగారు బస్టాండుకి ఆటో మాట్లాడి ఎక్కించి వచ్చారు.

ఆ తరవాత పనులు బాగా పెరిగాయి. ఆవిడ ఊళ్ళోవాళ్ళే వరసగా వచ్చారు. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి, బామ్మలకి, ఒకరయితే పందెం కోడికి కూడా బొమ్మ చేయించుకున్నారు. మిషను నేను చెప్పింది చెప్పినట్టు చేసేది. నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మావయ్యగారు పొద్దున్న వచ్చి నాబ్ పెట్టేవారు. కాసేపు కూర్చునేవారు. తరవాత గదిలోకి వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం నిద్ర మళ్ళీ మొదలెట్టారు. కుర్చీ అక్కడే ఉండేది, ఆయన ఉండేవారు కాదు. మా మాటలు మళ్ళీ పేపరుకీ గేటుకీ వచ్చేశాయి. ఇన్నాళ్ళూ "పెంచండి, తగ్గించండి" తప్ప ఏం మాట్లాడుకున్నామని నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఆ గదిలో మిషను చప్పుడు ఒక్కటే వినడం నాకు అలవాటు కాలేదు. ఒకసారి ఆయన లోపలున్నారని తెలిసి కూడా "కొంచెం తగ్గించండి" అనేశాను. జవాబు రాకపోతే గుర్తొచ్చింది.

ఒకరోజు పొద్దున్న ఆయన నాబ్ పెట్టి లేవబోతుంటే అడిగాను.

"కాలవ తలుపులకి మోటార్లు పెట్టినప్పుడు మీరేం చేశారండీ మావయ్యగారూ?"

ఆయన మళ్ళీ కూర్చున్నారు.

"ఏం చేస్తాం. అంతకుముందు తిప్పుడు చక్రం ఉండేది. నలుగురం పట్టేవాళ్ళం. మోటారొచ్చాక బటను. ఆకుపచ్చది నొక్కితే పైకి, ఎర్రది నొక్కితే ఆగుతుంది. నేనొక్కణ్ణే చాలు."

"సుఖమే కదండీ."

"సుఖమే. ఇంటికొచ్చాక నిద్ర పట్టేది కాదు. ఒళ్ళు అలిస్తే కదా. అప్పుడు మా ఇంట్లో నుయ్యి ఉండేది. మీ అత్తయ్యని తోడనిచ్చేవాణ్ణి కాదు. నేనే తోడేవాణ్ణి. గోళెం నిండితే మొక్కలకి పోసి మళ్ళీ తోడేవాణ్ణి. మీ అత్తయ్య నాకు ఏదో అయిందనుకుంది. అన్నవరం తీసుకెళ్ళి వ్రతం చేయించింది."

"తగ్గిందా అండి?"

"పంపు వేయించింది" అన్నారాయన.

నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు, కానీ లేచి వెళ్ళిపోనూ లేదు. ఆవేళ మధ్యాహ్నందాకా అక్కడే కూర్చున్నారు.

ఎండలు ముదిరాక మిషను మొరాయించింది. పొద్దున్న చక్కగా చెక్కేది, మధ్యాహ్నం అయ్యేసరికి గీతలు పాలిపోయేవి. కొత్త బోర్డు పాడైందనుకుని ఒక రోజంతా దాంతోనే కుస్తీపట్టాను. ఇంటర్నెట్లో అడిగితే నీళ్ళ గురించి చెప్పారు. గాజు గొట్టం వేడెక్కకుండా ఒక బకెట్లోంచి నీళ్ళు పంపుతో తిరుగుతూ ఉంటాయి. రాజమండ్రి మే నెలలో ఆ నీళ్ళు పొయ్యిమీద పెట్టినట్టు కాగుతున్నాయి. నీళ్ళు వేడెక్కితే కాంతి తగ్గుతుంది, గొట్టం కూడా తొందరగా పోతుంది. ఏ బోర్డు పెట్టినా అది నీళ్ళ సంగతి చూడదు.

ఆ సంగతి మావయ్యగారికి చెప్పాను.

"ఎంత వేడిదాకా పరవాలేదు?" అన్నారు వెంటనే.

చెప్పాను. చొక్కా వేసుకుని బజారుకి వెళ్ళారు. జ్వరం చూసే థర్మామీటరు తెచ్చారు. అది కాదని చెబితే మళ్ళీ వెళ్ళి, చేపల తొట్టెలు అమ్మేవాళ్ళ దగ్గర ఇంకోటి తెచ్చారు. కుర్చీ బకెట్ పక్కకి జరిపారు. మంచినీళ్ళ సీసాలు నింపి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, ఒకటి కరగ్గానే ఇంకోటి బకెట్లో వేసేవారు. ఇడ్లీపిండికి ఫ్రిజ్‌లో చోటు లేకుండా పోయింది. వారంపాటు మాకు ఉప్మాయే.

ఇప్పుడు ఆయన నన్ను అడగరు, నాకు చెబుతారు. "ఆపు." ఆపుతాను. "ఇంకా ఆగు." ఆగుతాను.

మొన్న ఒకాయన పెళ్ళి బోర్డుకోసం వచ్చి కూర్చున్నారు. ముహూర్తం మర్నాడు. సగం చెక్కాక మావయ్యగారు "ఆపమ్మా" అన్నారు. ఆపాను.

"ఏంటండీ, ఏమైంది?" అన్నారాయన నావైపు తిరిగి.

"నీళ్ళు చల్లారాలండి."

"ఎంతసేపు?"

నాకు తెలీదు. మావయ్యగారివైపు చూపించాను. ఆయన థర్మామీటరు పైకెత్తి, కళ్ళజోడు సవరించుకుని చూసి, "మీది ఏ ఊరండీ?" అన్నారు. కడియం దగ్గరట. "అయితే మీకు ఏ కాలవ నీళ్ళు?" అన్నారు మావయ్యగారు. నేను కాఫీ పెట్టడానికి లేచాను.